మాస్టర్స్ చదవండి, కానీ ముందు శ్లాబు మీద నిలబడండి

మీరు అడిగినవి రెండు. సివిల్ ఇంజనీరింగ్ తర్వాత కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేస్తే ఎలాంటి ఉద్యోగాలు వస్తాయన్నది ఒకటి. సైట్ మీద తిరగకుండా నేరుగా ఆఫీసులో కూర్చునే ఉద్యోగం దొరుకుతుందా అన్నది రెండోది. రెండోదానికి ముందు జవాబు చెబుతాను. దొరుకుతుంది. కానీ సైట్‌ను తప్పించుకోవడానికే ఈ చదువు చదవాలనుకుంటే దయచేసి వేరే చదువు చూసుకోండి.

నేను డిగ్రీ అయ్యాక కొంతకాలం సైట్ ఇంజనీరుగా పనిచేసి, తర్వాత మాస్టర్స్‌లో చేరాను. అక్కడి నుంచి ప్లానింగ్‌కు, ఇప్పుడు కాంట్రాక్టుల విభాగానికి వచ్చాను. నాతో చదివినవారిలో చాలామంది డిగ్రీ నుంచి నేరుగా వచ్చారు. తెలివైనవాళ్లు, లెక్కల్లో నాకంటే చురుకు. 1950ల చివర్లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల వాళ్లు రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతిని ఒక్క పూటలో పట్టేశారు. ఏ పని ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టు ఆలస్యమవుతుందో, ఏ పనికి ఎన్ని రోజుల ఫ్లోట్, అంటే గడువు దెబ్బతినకుండా జరుపుకోగల వెసులుబాటు, ఉందో చకచకా తేల్చేవారు. కానీ ఒకసారి మాస్టారు ఒక పనుల షెడ్యూలు ఇచ్చి గడువు తగ్గించమంటే, శ్లాబు వేశాక దాన్ని మోసే తాత్కాలిక ఆసరా, అంటే సెంట్రింగ్, విప్పేదాకా ఉన్న వ్యవధిని సగానికి కోసి, మనుషుల్ని రెట్టింపు చేస్తామని రాశారు. కాంక్రీటు గట్టిపడటానికి మనుషులతో పని లేదు. దాని బలాన్ని లెక్కకట్టేదే 28 రోజులకు. గడువు తగ్గాలంటే తొందరగా గట్టిపడేలా మిశ్రమం మార్చాలి, లేదా కింద ఆసరా స్తంభాలు అలాగే ఉంచి మిగతా సెంట్రింగ్ విప్పే పద్ధతి ఆలోచించాలి. పక్కన నిలబడి ఒక్క శ్లాబు వేయించినవారికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా మొదటి ప్రాజెక్టులో జరిగిన సంగతి చెబుతాను. బహుళ అంతస్తుల భవనం. ఆ ఉదయం ఒక అంతస్తు శ్లాబు వేయాలి. సెంట్రింగ్ అయింది, ఇనుము కట్టడం అయింది, తనిఖీ సంతకాలు అయ్యాయి, పంపు బిగించారు. కాంక్రీటు తెచ్చే మొదటి ట్రాన్సిట్ మిక్సర్ బండి గేటు దాటి లోపలికి వచ్చింది. వెనుకవి దారిలో ఉన్నాయి. అప్పుడు సెంట్రింగ్ మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, “మేడమ్, కింది శ్లాబులో పైపులకు దారి ఈ స్తంభానికి ఎడమ పక్క వదిలాం. ఇక్కడ కుడి పక్క పెట్టించారు. పైపు వంకర తిరిగి పైకి పోతుందా?” అని అడిగాడు.

నా చేతిలోని డ్రాయింగ్‌లో కుడి పక్కే ఉంది. ఆఫీసుకు పరుగెత్తి చూస్తే, ముందు రోజు పొద్దుపోయాక డిజైనర్ల నుంచి కొత్త రివిజన్, అంటే సవరించిన డ్రాయింగ్, వచ్చి ఈమెయిల్‌లో ఉంది. అందులో దారి ఎడమకు మారింది, దాని చుట్టూ అదనపు ఇనుము కూడా చూపించారు. అంటే కట్టిన ఇనుము కొంత విప్పి, పైపుల దారి కోసం పెట్టిన స్లీవులు మార్చి, మళ్లీ తనిఖీ చేయించాలి. పని తెమిలేసరికి సాయంత్రమవుతుంది. వచ్చిన కాంక్రీటు అంతసేపు ఆగదు. నీళ్లు కలిపిన గంటన్నరలోగా దింపేయాలన్నది చాలాచోట్ల పాటించే నియమం. ముందు శ్లాబు వేసేద్దాం, తర్వాత గట్టిపడిన కాంక్రీటును యంత్రంతో కోసే కోర్ కట్టింగ్‌తో రంధ్రం కొట్టుకోవచ్చని ఒకరన్నారు. అలా కొడితే లోపలి ఇనుము తెగుతుంది.

మా ప్రాజెక్టు మేనేజర్ గారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. నావైపు తిరిగి, “తనిఖీ పూర్తయి కాంక్రీటుకు సిద్ధంగా ఉన్నవి ఇంకా ఏమున్నాయమ్మా?” అని మాత్రం అడిగారు. ర్యాంపు పునాది ఉందన్నాను. శ్లాబుకు తెప్పించిన కాంక్రీటు గ్రేడు, అంటే బలం, అక్కడ కావలసిన దానికన్నా ఎక్కువే. డిజైనర్‌కు ఫోను చేసి అనుమతి తీసుకున్నారు, ప్లాంటుకు ఫోను చేసి ఇక పంపవద్దన్నారు, దారిలో ఉన్నవాటిని ర్యాంపుకు మళ్లించారు. ఒక్క బండి కూడా వృథా కాలేదు. మేనేజ్‌మెంట్ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఆ పది నిమిషాలే. రెండో మార్గం చేతిలో ఉంచుకోవడం, అది నిజంగా సిద్ధంగా ఉందో లేదో తెలిసి ఉండటం. ఏ సాఫ్ట్‌వేరూ ఆ పునాది దగ్గర నీళ్లు తోడేశారా లేదా అన్నది చెప్పదు.

ఆయన చేసిన రెండో పని నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. మధ్యాహ్నం కూర్చుని క్లయింటుకు ఉత్తరం రాశారు. తనిఖీ పూర్తయిన శ్లాబుకు కొత్త రివిజన్ అందింది, పని ఆగింది, గడువుపై దీని ప్రభావం లెక్కకట్టి తెలియజేస్తాం అని నాలుగు వాక్యాలు. చివరికి ప్రాజెక్టు ఆలస్యమై, జరిమానా కోతల మాట వచ్చినప్పుడు ఆయన అలా రాస్తూ వచ్చిన ఉత్తరాలే కంపెనీని కాపాడాయి. క్లయింటుకు గడువు పొడిగించక తప్పలేదు. అంతర్జాతీయ ప్రాజెక్టుల్లో విరివిగా వాడే ఫిడిక్ అనే నమూనా కాంట్రాక్టు 1999 ప్రతిలో ఒక నిబంధన ఉంది: విషయం తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వని కాంట్రాక్టరు ఆ క్లెయిము మీద, అంటే అదనపు గడువు లేదా డబ్బు అడగడం మీద, హక్కు కోల్పోతాడు. పని ఎంత బాగా చేశారన్నది అక్కడ లెక్కలోకే రాదు. ఇంత ముఖ్యమైన విషయాన్ని మా కోర్సులో ఒక ఐచ్ఛిక పాఠ్యాంశంగా సరిపెట్టారు! పనుల తేదీలను గీతలుగా చూపే బార్ చార్టుకు రంగులు వేయించడానికి మాత్రం ఒక సెమిస్టరంతా వెచ్చించారు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ప్రైమవెరా నేర్చుకోవడం మంచిదే, ఉద్యోగ ప్రకటనల్లో దాన్ని అడుగుతారు కూడా. అయితే పనుల వరుస తెలియనివారి చేతిలో అది తప్పుడు తేదీలను అందంగా ముద్రించే యంత్రం.

ఇక ఉద్యోగాలు. ప్లానింగ్ ఇంజనీరు, పని పరిమాణాలు కొలిచి బిల్లులు కట్టే బిల్లింగ్ ఇంజనీరు లేదా క్వాంటిటీ సర్వేయర్, టెండర్లకు ధరలు కట్టే ఎస్టిమేటర్, కాంట్రాక్టులు, క్లెయిములు, కొనుగోళ్లు, నాణ్యత, భద్రత, క్లయింటు తరఫున పనిని పర్యవేక్షించే సంస్థలు, త్రీడీ నమూనాలతో పనిచేసే బిమ్ విభాగం. ఇవన్నీ ఈ డిగ్రీకి తెరిచి ఉన్న దారులే. నన్నడిగితే ప్లానింగ్‌తో మొదలుపెట్టి కాంట్రాక్టుల వైపు వెళ్లడం అన్నింటికన్నా మంచి దారి. పనుల వరుస, డబ్బు, చట్టం మూడూ ఒకే మనిషికి అక్కడే వంటబడతాయి. చదువు ముగియగానే ప్రాజెక్టు మేనేజర్ అయిపోతారని కళాశాలల కరపత్రాల్లో వేస్తారు, నమ్మకండి. వందల మంది పనిచేసే చోటును కొత్తవారి చేతిలో ఎవరూ పెట్టరు, పెట్టకూడదు కూడా.

ఈ రంగంలో నాకు కోపం తెప్పించే విషయం మరొకటి ఉంది. భద్రత చూసేవారినీ డ్రాయింగుల రికార్డు చూసేవారినీ తక్కువగా చూస్తారు. ఏ పనీ చేతగానివాళ్లు అక్కడ చేరతారన్నట్టు మాట్లాడతారు. 1981 జూలై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. పై నుంచి కిందిదాకా ఒకే కడ్డీకి రెండు వంతెనలనూ వేలాడదీయాలన్నది మొదటి డిజైన్. కట్టడం సులువవుతుందని దాన్ని రెండు వేర్వేరు కడ్డీలుగా మార్చారు. దాంతో కింది వంతెన బరువు కూడా పై వంతెన బిగింపు మీద పడి, భారం రెట్టింపైంది. ఆ మార్పు ఉన్న డ్రాయింగును ఎవరూ మళ్లీ లెక్కకట్టి చూడకుండానే ఆమోదించారు. ఏ మార్పు ఎవరి నుంచి వచ్చింది, ఎవరు చూశారు, సైట్‌లో ఏ ప్రతి ఉంది అని పట్టుకుని అడిగే మనిషికి జీతమూ గౌరవమూ రెండూ పెంచాలని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి ముందు ఒక ప్రాజెక్టులో సైట్ మీద చేరండి. పునాది నుంచి పైకప్పు దాకా చూడగలిగితే మరీ మంచిది, వీలుకాకపోతే కనీసం కొన్ని అంతస్తుల శ్లాబులు దగ్గరుండి వేయించండి. తర్వాత మాస్టర్స్‌కు కళాశాల వెతికేటప్పుడు భవనాలూ ప్రయోగశాలలూ చూసి మురిసిపోకుండా, కాంట్రాక్టుల పాఠం తప్పనిసరిగా ఉందా, దాన్ని చెప్పేవారు ఎప్పుడైనా సైట్‌లో పనిచేశారా అని అడగండి. తిన్నగా జవాబు చెప్పని చోట దరఖాస్తు రుసుము కూడా కట్టకండి.