ఫినైల్ పెంచే ముందు

చిన్నా,

నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు సిలికోన్ పాలిమర్ల మీదని, అదే సిలికాన్, ఆక్సిజన్ గొలుసుల మీదని, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో నా తర్వాత ల్యాబ్ కోటు తొడిగేది నువ్వే. సంతోషంతో పాటు టెన్షనూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు డైమిథైల్ సిలికోన్ నూనె గాలిలో సుమారు 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఆపైన గొలుసుకి అంటుకున్న మిథైల్ గ్రూపుల్ని (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) ఆక్సిజన్ పట్టుకుంటుంది. కొన్ని మిథైళ్ల చోట ఫినైల్, అంటే బెంజీన్ నుంచి వచ్చే గ్రూపు (నేల తుడిచే ఫినాయిల్ కాదు), పెడితే 250 దగ్గరా నిలుస్తుంది. టీజీఏ, అదే వేడి పెంచుతూ బరువు ఎంత తగ్గిందో చూసే పరీక్ష, నైట్రోజన్‌లోనే చేసి మురిసిపోకు, గాలిలోనూ చెయ్యి. సిలికోన్ల ముడిసరుకైన క్లోరోసైలేన్ సీసా మూత తీసి వదిలెయ్యకు. మన విశాఖ తేమకి వెంటనే హైడ్రోజన్ క్లోరైడ్ పొగలొస్తాయి.

నేను పనిచేసిన చోట ఒక ఫినైల్ నూనె వేడికి ఆగలేదు. ఓవెన్లో పెడితే బరువు తగ్గిపోయేది. ఫినైల్ చాల్లేదని మా పెద్దాయన ఇంకా పెంచమన్నారు. పెంచినా అంతే. చివరికి చూస్తే లోపల పొటాషియం హైడ్రాక్సైడ్ మిగిలిపోయి ఉంది. నూనె తయారీలో గొలుసులు కట్టిన ఆ క్షారమే, వేడెక్కితే వాటిని చిన్న వలయాలుగా విప్పేస్తుంది. అవి ఆవిరైపోతాయి. సరే, తటస్థం చేద్దామని ఆయన బలమైన ఆమ్లం లెక్క లేకుండా పోయించి వేడి చేయించారు. ఆమ్లం ఎక్కువైతే సిలికాన్ నుంచి ఫినైల్ ఊడి బెంజీన్‌గా బయటికొస్తుంది. అంత కష్టపడి చేర్చిందే విషమై గదిలోకి వచ్చింది! తియ్యటి వాసన అనుకుంటూ అక్కడే నిలబడ్డాం. బెంజీన్ రక్త క్యాన్సర్ తెస్తుంది నాన్నా. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

కాబట్టి ఆమ్లం తూకం వేసి సరిపడా వెయ్యి. వలయాల్ని వాక్యూమ్‌లో లాగెయ్యి. మిగిలిన క్షారం ఎంతో కొలిచాకే ఫినైల్ సంగతి ఆలోచించు. అంతా పొగలు లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే.

రాత్రిళ్లు ఒక్కడివే రియాక్షన్ పెట్టావని తెలిస్తే నేనే ల్యాబ్‌కొచ్చి చెవి పట్టుకు లాక్కొస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు జనం నిద్రలో ఉన్నారు. ఆ రోజు తర్వాత నాకు రసాయనాలంటే కాదు, ఎవరూ కనిపెట్టుకుని లేని రసాయనాలంటే భయం.

గొలుసులోనే ఫినైలీన్ (ఫినైల్ లాంటిదే, రెండు వైపులా అతుక్కునేది) కూర్చోబెట్టే దారి కూడా చూడు. వలయాలుగా విడిపోవడం అక్కడ కష్టం. కాస్త బిగుసుకుంటుంది, అయినా నాకు దాని మీదే నమ్మకం. నా పాత నోట్‌బుక్కులు అటక మీదున్నాయి. ఆదివారం వస్తే దింపుకుందాం, వంజరం పులుసు పెడతాను.

మీ అత్త