కోతుల్ని చూడ్డం కూడా ఒక చదువేనా?

ప్రశ్న: మేడమ్, మాది రాపూరు. మా పాపకి ఎమ్మెస్సీ జువాలజీ అయిపోయింది. బీఈడీ చెయ్యమ్మా అంటే కోతుల మీద రీసెర్చ్ చేస్తానంటా ఉంది. పెంచలకోన పోయినప్పుడల్లా దర్శనం కూడా మర్చిపోయి వాటినే చూస్తా కూర్చుంటాది. మన నిమ్మతోటని పాడుచేసే కోతుల మీద పీహెచ్‌డీ ఏందని వాళ్ళ నాయన కోపం. మీరు ఆ పనే చేశారంట కదా, దీంట్లో బతుకుదెరువు ఉందా? – ఒక తల్లి

జవాబు: చదువేనమ్మా, చాలా ఓపిక కావాల్సిన చదువు. నేను పీహెచ్‌డీకి ఘాట్ రోడ్డు పక్కన ఒక గుంపు వెంట తిరిగాను, తెల్లారకముందే పోతే అవి చెట్టెక్కి పడుకున్నాకే రూముకి రావడం. మొదటి నెలంతా అన్నీ ఒకేలా కనపడినాయి, మెల్లగా ఒకదానికి ఎడమ చెవి చిరుగు, ఇంకోదానికి తోక కొస వంకర, అట్లా ఒక్కో మొహం తెలిసొచ్చింది. అసలు పని ఆ తర్వాతే. వాచీ పెట్టుకుని పది నిమిషాలు ఒక్క కోతినే చూడాలి, ఏం తినింది, ఎవరికి పేలు చూసింది, ఎవరొస్తే పక్కకి జరిగింది, అన్నీ రాయాలి, పక్కన ఎంత కొట్లాట అవుతున్నా అటు తిరగకూడదు. జీన్ ఆల్ట్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1974లో ఈ పద్ధతుల్ని వివరంగా రాసిపెట్టింది, లేకపోతే గోల చేసే మగకోతులే నోట్‌బుక్ నిండా ఉంటాయి, మూలన కూర్చున్న ముసలి ఆడకోతి సంగతి ఎవరికీ పట్టదు.

ఆ చెవి చిరిగినదాని పిల్ల చచ్చిపోతే మూడు రోజులు చంకలో పెట్టుకునే తిరిగింది. ఈగలు తోలుకుంటా, ఒక చేత్తో చింతచిగురు తింటా, పిల్లని మాత్రం కింద పెట్టలా. నేను ఏడుస్తానే టైములు రాసుకున్నా.

మన దగ్గరుండేది బోనెట్ మకాక్ అనే కోతి, నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు, ఒంటికంటే పొడుగు తోక. ఆడపిల్లలు పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, తల్లికున్న పెద్దరికమే మామూలుగా కూతుళ్ళకొస్తుంది, మగవి పెద్దయ్యాక వేరే గుంపు వెతుక్కుంటా పోతాయి. ఇది ఒక్క దక్షిణ భారతంలోనే ఉండే జాతి. గుళ్ళ కాడ ఎక్కువ కనపడతాయి కాబట్టి కొదవ లేదనుకుంటాం గానీ ఏ జాతికి ఎంత ముప్పుందో లెక్కగట్టే ఐయూసీఎన్ అనే ప్రపంచ సంస్థ వాళ్ళు ముప్పున్న జాతుల్లో చేర్చారు, ఉత్తరాది రీసస్ కోతులు కిందికి జరిగేకొద్దీ వీటి చోటు తగ్గిపోతా ఉంది.

వాళ్ళ నాయన కోపం న్యాయమైందే, కాయ రాలిపోయిన రైతుకి కడుపు మండదా? కానీ అవి తోటలోకి ఎందుకొస్తాయి, ఏ నెల్లో, ఏ గుంపు, రోడ్డు మీద జనం పెట్టే అరటిపళ్ళకి దీనికి సంబంధం ఏంది, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని చూస్తేనే తెలిసేది. జేన్ గుడాల్ 1960లో డిగ్రీ కూడా లేకుండా ఆఫ్రికాలోని గోంబే అడవికి పోయి చింపాంజీల్ని చూసింది, పీహెచ్‌డీ ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో చేసింది. గోంబేలో చింపాంజీలకి అరటిపళ్ళు పెట్టడం మొదలెట్టినాక వాటి మధ్య కొట్లాటలు పెరిగినాయి, అందుకే తర్వాత తగ్గించేశారు. పాపని ఏమీ పెట్టొద్దని చెప్పండి, కళ్ళలోకి గుచ్చి చూడొద్దని కూడా, అది వాటికి బెదిరింపు.

డబ్బు సంగతి దాచను. మొదట ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా జీతం తక్కువ, ప్రాజెక్ట్ అయిపోతే ఇంకోటి వెతుక్కోవాల, పర్మినెంట్ పోస్టులు కొన్నే. సీఎస్ఐఆర్ నెట్ అనే పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీకి స్టైపెండ్ వస్తుంది, కాబట్టి అది ముందు. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, కోయంబత్తూరు సలీం అలీ కేంద్రం, మైసూరు యూనివర్సిటీ, హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ ల్యాబ్ (అంతరించే జంతువుల కోసం పెట్టింది), వీటి వెబ్‌సైట్లు చూస్తా ఉండమనండి. అడవిలో పనికి ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ తప్పనిసరి.

ఇప్పటికైతే ఒక నోట్‌బుక్ కొనియ్యండి. నెలరోజులు ఒకే గుంపుని చూసి ఎన్నింటిని విడివిడిగా గుర్తుపట్టిందో నాకు రాయమనండి, వాళ్ళ నాయన్ని కూడా ఒక పొద్దున తోడు పొమ్మనండి.