వేరికోసిల్ ఆపరేషన్‌తో వీర్యకణాలు మెరుగవుతాయా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, నా భార్యకు 28. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు కలగలేదు. మూడేళ్లపాటు పరీక్షలన్నీ ఆమెకే చేయించాం, లోపమేమీ కనిపించలేదు. ఈమధ్య అనంతపురంలో నాకు వీర్యపరీక్ష చేస్తే మిల్లీలీటరుకు 80 లక్షల కణాలే ఉన్నాయని, కదలిక కూడా తక్కువని తేలింది. ఎడమవైపు వేరికోసిల్ ఉందని, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు గారు చెప్పారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందా? మగతనం పోతుందని ఇంట్లో పెద్దలు భయపెడుతున్నారు.
— ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: పెద్దల భయానికి ఆధారం లేదు. వృషణాల నుంచి రక్తాన్ని పైకి తీసుకుపోయే సిరలు ఉబ్బిపోవడమే వేరికోసిల్. ఆపరేషన్‌లో ఆ సిరలనే కట్టివేస్తారు, అంగస్తంభనతో వాటికి సంబంధం లేదు. ఎడమ సిర పొడవుగా ఉండి మూత్రపిండపు సిరలో నిట్టనిలువుగా కలుస్తుంది కనుక సమస్య ఎక్కువగా ఆ వైపే వస్తుంది. రక్తం అక్కడే నిలిచిపోతే, శరీరం కంటే చల్లగా ఉండవలసిన వృషణాలు వేడెక్కి, కణాల సంఖ్య, కదలిక, వాటిలోని డి.ఎన్.ఎ. నాణ్యత దెబ్బతింటాయి. ఇది మన సీమ ఎండల వల్ల వచ్చిందనుకోకండి.

ఆపరేషన్ తర్వాత పదిమందిలో ఆరేడుగురికి సంఖ్య, కదలిక మెరుగుపడతాయి. కణాల ఆకారంలో మార్పు అంతగా కనిపించకపోవచ్చు. కొత్త కణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కనుక, మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు మరోసారి వీర్యపరీక్ష చేయించుకోవాలి తప్ప నెల తిరగకుండానే నిరాశపడకూడదు. అయితే, కణాలు పెరిగిన ప్రతివారికీ సంతానం కలుగుతుందని నేను హామీ ఇవ్వలేను. మీ భార్య వయసు 28 కనుక ఏడాది వేచి చూసే వ్యవధి మీకుంది; ఆమెకు 35 దాటి ఉంటే నేరుగా ఐ.వి.ఎఫ్. (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) గురించి ఆలోచించమనేవాణ్ణి.

ఒప్పుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. వీర్యపరీక్ష ఫలితం రోజుకో తీరుగా మారుతుంది కాబట్టి, రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి మరోసారి చేయించండి. మిమ్మల్ని నిలబెట్టి, చేత్తో పరీక్షించినప్పుడే వేరికోసిల్ తెలిసిందా, లేక స్కానింగ్‌లో మాత్రమే కనిపించిందా అని డాక్టరును అడగండి. చేతికి తగలని వేరికోసిల్‌కు ఆపరేషన్ సాధారణంగా సిఫారసు చేయరు. మైక్రోస్కోపు సాయంతో చేస్తే సమస్య తిరగబెట్టడం, వృషణం చుట్టూ నీరు చేరడం చాలా తక్కువ.

మూడేళ్లు పరీక్షలన్నీ మీ భార్యకే జరగడం నాకు బాధ కలిగించింది. వీర్యపరీక్షకు సూది కూడా అక్కరలేదు. అది మొదటి నెలలోనే జరగవలసింది. ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లండి. బండలు ఎత్తే పనికి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు సెలవు కావాలి. ఆ సంగతి ఫ్యాక్టరీలో ముందే మాట్లాడుకోండి.