గ్యారేజీ ఉత్తరాలు: బండి లాగడం లేదని రాసినవారికి

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ డ్యూయల్ స్పోర్ట్ బళ్ల గురించే. తారు రోడ్డు మీద హాయిగా వెళ్లాలి, రోడ్డు అయిపోయిన చోట ఆగకూడదు. ఈ రెండు కోరికల మధ్య కుదిర్చిన రాజీయే ఈ బండి. 1968లో యమహా డీటీ-1 వచ్చిన నాటినుంచి కంపెనీలు ఆ రాజీని ఒకసారి తారు వైపు, ఒకసారి మట్టి వైపు జరుపుతూ వస్తున్నాయి. మీరు గ్యారేజీలో చేసేదీ అదే. కాకపోతే మీరు జరిపినప్పుడు రెండో వైపు ఎంత పోగొట్టుకుంటున్నారో చెప్పడానికి ఎవరూ ఉండరు. ఆ పని నాది.

ప్రశ్న: నా బరువు 88 కిలోలు. వెనుక సామాను కడితే ఇంకో 15. మట్టి దారిలో గంటకు 50 కిలోమీటర్లు దాటితే బండి వెనుక భాగం ఎగిరెగిరి పడుతోంది. గుంటలో దిగితే లోపల ఎక్కడో ఠంగుమని తగులుతోంది. బ్రేకు వేస్తే ముందు ఫోర్కులు పూర్తిగా కుంగిపోతున్నాయి. మలుపు తిరిగాక బండి లాగడం లేదు. ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కొత్త ఎయిర్ ఫిల్టర్, వీలైతే పెద్ద పిస్టన్ వేయించాలని ఉంది. వీటిలో ఏది ముందు?

జవాబు: మూడింటిలో ఏదీ కాదు. మీరు రాసిన ఉత్తరంలో ఇంజన్ గురించి ఒక్క వాక్యమే ఉంది. మిగతాదంతా స్ప్రింగుల మీద ఫిర్యాదే. ఆ ఒక్క వాక్యం కూడా నాకు ఇంజన్ తప్పులా అనిపించడం లేదు. వెనుక చక్రం నేల మీద నిలవకపోతే మలుపులో మీ చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తగ్గిస్తుంది. మళ్లీ తిప్పేసరికి మలుపు అయిపోతుంది. అప్పుడు బండి లాగడం లేదనుకుంటాం.

కంపెనీవాళ్లు స్ప్రింగు ఎంచుకునేటప్పుడు ఒక మధ్యరకం బరువున్న మనిషిని లెక్కలోకి తీసుకుంటారు. సామానుతో కలిపి 103 కిలోలంటే మీరు ఆ లెక్క దాటిపోయి ఉండవచ్చు. దాటారో లేదో ఊహించనక్కర్లేదు, కొలవవచ్చు. కావలసింది ఒక టేపు, పట్టుకోవడానికి ఒక స్నేహితుడు.

బండిని ఎత్తి వెనుక చక్రం గాలిలో వేలాడేలా పెట్టండి. ఇరుసు నుంచి నిటారుగా పైకి చూసి, సీటు కింద ప్యానెల్ మీద ఒక కాగితం టేపు ముక్క అంటించి పెన్సిల్ గీత గీయండి. ఇరుసు మధ్య నుంచి ఆ గీత వరకు కొలవండి. 600 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు బండిని నేల మీదికి దించి, నిటారుగా పట్టుకుని మళ్లీ కొలవండి. తర్వాత మీరు హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి, సామాను కూడా కట్టి, రెండు కాళ్లూ ఫుట్ పెగ్గుల మీద పెట్టండి. స్నేహితుడు మూడోసారి కొలుస్తాడు. అది 522 అనుకోండి. అంటే మీరు ఎక్కగానే 78 మిల్లీమీటర్లు కుంగింది. మీ బండి వెనుక చక్రం పైకీ కిందికీ చేసే కదలిక మొత్తం 180 మిల్లీమీటర్లయితే దాదాపు సగం మీరు కూర్చోవడానికే ఖర్చయిపోయింది. గుంట వచ్చేసరికి మిగిలింది 102 మాత్రమే. ఆ ఠంగు శబ్దం అక్కడినుంచి వస్తోంది. మనిషి ఎక్కాక కుంగుబాటు మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర ఉండాలి, అంటే ఈ లెక్కలో 60.

షాక్ అబ్సార్బర్ మీద స్ప్రింగును నొక్కి పట్టే రింగును, అంటే కాలర్‌ను, బిగిస్తే 60 వస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కాలర్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని నమ్ముతారు కూడా. గట్టిపడదు. అదే స్ప్రింగు కొంచెం పైకి లేచి నిలుస్తుంది, అంతే. అసలు పరీక్ష ఆ తర్వాత ఉంది. 60కి సరిచేశాక మీరు దిగి, సామాను తీసేసి, ఖాళీ బండి తన బరువుకు తానే ఎంత కుంగుతుందో చూడండి. 15, 20 మిల్లీమీటర్లు కుంగితే స్ప్రింగు మీకు సరిపోయినట్టే. రెండు మూడు మిల్లీమీటర్లు కూడా కుంగకుండా బిర్రబిగుసుకుని నిలబడితే స్ప్రింగు మీకు మెత్తన. కాలర్‌తో బలవంతంగా లేపి పెట్టారన్నమాట. అప్పుడు గట్టి స్ప్రింగు కొనాల్సిందే. మీ విషయంలో అదే తేలుతుందని నా అంచనా. స్ప్రింగు మార్చాక, కుంగింది తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే రీబౌండ్ స్క్రూ కూడా ఒకటి రెండు క్లిక్కులు బిగించాల్సి వస్తుంది. గట్టి స్ప్రింగు గట్టిగా తిరగబడుతుంది మరి. తిప్పే ముందు స్క్రూను మెల్లగా చివరిదాకా బిగిస్తూ, ఇప్పుడు ఎన్ని క్లిక్కుల మీద ఉందో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. ఆ అంకె లేకుండా వెనక్కి రాలేరు.

ఇక ముందు ఫోర్కులు. వాటిలో చిక్కటి నూనె పోయమని మీకు ఎవరో ఒకరు ఇప్పటికే చెప్పి ఉంటారు. నేనూ ఒకప్పుడు పోశాను. మామూలు డ్యూయల్ స్పోర్ట్ ఫోర్కుల్లో డ్యాంపర్ రాడ్డు ఉంటుంది. అంటే చిన్న చిన్న రంధ్రాలున్న ఒక గొట్టం. నూనె ఆ రంధ్రాల్లోంచి దూరి వెళ్లాలి. నెమ్మదిగా నొక్కితే నూనె హాయిగా జారిపోతుంది, అందుకే బ్రేకు వేస్తే ముక్కు కుంగుతుంది. రాయి తగిలి ఒక్కసారిగా నొక్కుకున్నప్పుడు అదే రంధ్రం ఇరుకైపోతుంది, నూనె దూరే సమయం ఉండదు. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది. మెత్తగా ఉండవలసిన చోట గట్టిగా, గట్టిగా ఉండవలసిన చోట మెత్తగా ఉండే విచిత్రమైన ఏర్పాటు ఇది. చిక్కటి నూనె పోస్తే ముక్కు కుంగడం కాస్త తగ్గుతుంది. బదులుగా ప్రతి రాయీ నేరుగా మణికట్టుకు చేరుతుంది. ఆ రోజు సాయంత్రానికి నేను గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకున్నాను.

ముందు కూడా మీ బరువుకు తగిన స్ప్రింగులు వేయించి, కంపెనీ చెప్పిన చిక్కదనం నూనే పోయండి. నూనె మట్టం కొలవాలంటే స్ప్రింగులు తీసి, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి, గొట్టం పై అంచు నుంచి నూనె వరకు ఉన్న ఖాళీ చూడాలి. ఆ ఖాళీలోని గాలి కూడా ఒక స్ప్రింగే. నూనె 10 మిల్లీమీటర్లు పెంచితే చివరి అంగుళంలో తేడా తెలుస్తుంది, మొదట్లో తెలియదు. పెంచేటప్పుడు 5 చొప్పున పెంచండి. మరీ నింపితే సీళ్లు పోతాయి. ఇంకా సరిపోకపోతే డ్యాంపర్ రాడ్డు మీద కూర్చునే ఎమ్యులేటర్ వాల్వులు దొరుకుతాయి. ఒత్తిడి పెరిగినప్పుడు అవి తెరుచుకుని నూనెకు దారి ఇస్తాయి. నా లెక్కలో మట్టి దారి బండికి ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ పని చేసిన మార్పు అదే.

పెద్ద పిస్టన్ సంగతి ఇవన్నీ అయ్యాక మళ్లీ రాయండి. అప్పటికి అడగరని నా నమ్మకం.

ప్రశ్న: నా సుజుకీ డీఆర్650కి ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించమని కొందరు, వెనుక మూడు పళ్లు పెంచమని కొందరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: రెండూ ఒకటే. ముందు 15, వెనుక 42 పళ్లున్న బండికి నిష్పత్తి 2.8. ముందు 14 చేస్తే 3.0. ముందు 15 ఉంచి వెనుక 45 చేసినా 3.0. అంటే చక్రం దగ్గర లాగే బలం ఏడు శాతం పెరుగుతుంది. అదే వేగంలో ఇంజన్ కూడా ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది. ఇదివరకు 5,000 ఆర్పీఎం దగ్గర వెళ్లే రోడ్డు వేగానికి ఇప్పుడు 5,350 దాటుతుంది. రోజంతా తారు మీద తిరిగేవారికి ఆ తేడా అరికాళ్లలో తిమ్మిరిగా తెలుస్తుంది. రాళ్లలో నడక వేగంతో ఎక్కేవారికి మాత్రం క్లచ్ బతుకుతుంది. సగం పట్టిన క్లచ్‌తో మొదటి గేరులో ఏడ్చుకుంటూ ఎక్కితే వచ్చే ఆ మాడు వాసన ఒకసారి పీల్చినవారు మళ్లీ మర్చిపోరు.

ముందు పన్ను తగ్గించడం అరగంట పని, ఖర్చు తక్కువ. అయితే చిన్న స్ప్రాకెట్ మీద చైను ఇంకా ఇరుకుగా వంగాలి, పైగా కిందికి దిగి, వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీదున్న రబ్బరు స్లైడర్‌ను రాసుకుంటుంది. నా స్లైడర్ ఎంత తిన్నదో చైను తీసినప్పుడు గానీ చూడలేదు. మధ్యలో వేలు పట్టేంత గాడి పడి, కింద లోహం తళతళలాడుతోంది. ముందు 14తో ఒక నెల నడిపి చూడండి. నచ్చితే చైను మార్చే రోజున ముందు మళ్లీ 15 పెట్టి వెనుక 45 వేయించండి. పాత చైను పొడవు అప్పుడు చాలకపోవచ్చు, కొత్తది కొనేముందు కొలుచుకోండి.

ప్రశ్న: కార్బురేటర్ బండి. ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూత కోసి, సైలెన్సర్ మార్చాను. శబ్దం అద్భుతం. కానీ ఒకే వేగంలో పట్టుకుంటే బండి ఊగిసలాడుతోంది, యాక్సిలరేటర్ వదిలితే టపటపా పేలుతోంది.

జవాబు: గాలి పెంచారు, పెట్రోలు పెంచలేదు. పొగ నిబంధనల కోసం చాలా బళ్లు కంపెనీ నుంచే పెట్రోలు పలచగా పెట్టుకుని వస్తాయి. దాని మీద మీరు ఇంకా గాలి పోశారు. కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల బిళ్లలే జెట్లు. యాక్సిలరేటర్ మొదటి పావు వంతు వరకు పైలట్ జెట్, మిశ్రమం స్క్రూలది పెత్తనం. మధ్యలో సూదిది. చివరి పావు మెయిన్ జెట్‌ది. మీ ఊగిసలాట మధ్యలో కాబట్టి సూదితో మొదలుపెట్టండి. కొన్ని సూదులకు క్లిప్పు జరపడానికి గాళ్లు ఉండవు. అప్పుడు అర మిల్లీమీటరు మందమున్న వాషర్ ఒకటి క్లిప్పు కింద వేసి సూదిని లేపుతారు. గోటి మీద పెట్టుకుంటే చేప పొలుసంత ఉంటుంది. కింద తెల్లగుడ్డ పరిచి పని చేయండి. నేను పరచలేదు, రెండు గంటలు నేల మీద పాకాను. సూదిని మోసే స్లైడ్ పైనున్న పలచని రబ్బరు పొర డయాఫ్రంను వెలుతురుకు పట్టి చూడండి. సూదిమొన అంత చిల్లున్నా మీరు ఏ జెట్టు మార్చినా ప్రయోజనం ఉండదు.

మిశ్రమం స్క్రూ చాలా బళ్లలో ఒక ఇత్తడి బిళ్ల వెనుక దాగి ఉంటుంది. దానికి సన్నని డ్రిల్లు, ఓపిక కావాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, అదే ఎత్తు ఎక్కి చూడండి. శబ్దాన్ని మాత్రం నమ్మకండి. నేను మొదటిసారి సైలెన్సర్ మార్చినప్పుడు బండి బాణంలా పోతోందని ప్రమాణం చేసి చెప్పాను. స్నేహితుడు గడియారం పట్టుకుని అదే ఎత్తు మీద పాతదానితో, కొత్తదానితో కొలిచాడు. కొత్తదే వెనకబడింది. వారం రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత మెయిన్ జెట్ రెండు సైజులు పెంచాక గానీ మామూలుగా మాట్లాడుకోలేదు.

మూత కోసిన బండితో వాగు దాటేటప్పుడు జాగ్రత్త. నాది ఒకసారి నడివాగులో గుక్క తాగి ఆగింది. ఒడ్డుకు తోసి, ప్లగ్గు తీసి, స్టార్టర్ నొక్కితే రంధ్రంలోంచి నీళ్లు నా చొక్కా మీదికి చిమ్మాయి. ప్లగ్గు తీయకుండా నొక్కి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగేది, నీళ్లు నలగవు కదా. లోతు నీళ్లు మీ దారిలో ఉంటే ఆ మూత తిరిగి పెట్టుకునే వీలు ఉంచుకోండి. సైలెన్సర్ విషయంలో ఒక్క మాట: పొగను శుభ్రం చేసే క్యాటలిస్టు పీకేయడం చాలా చోట్ల చట్టవిరుద్ధం, ఎండుగడ్డి మధ్య తిరిగేవారు నిప్పురవ్వలు ఆపే జాలీ కూడా తీయకూడదు.

ప్రశ్న: మాది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. మేము కూడా ఇవన్నీ చేయాలా?

జవాబు: ఒకే వేగంలో వెళ్లేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసుకుని, గాలి 14.7 పాళ్లకు పెట్రోలు ఒక పాలు చొప్పున కంప్యూటరే సరిచేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం ఎంత పెట్రోలు పోయాలో కంపెనీ రాసిపెట్టిన తన పాత పట్టికే చదువుతుంది. సైలెన్సర్ చివరి భాగం ఒక్కటే మారిస్తే అక్కర్లేదు. ఎయిర్ బాక్స్ కూడా తెరిస్తే ఆ పట్టిక మార్పించాలి.

ప్రశ్న: నా ఎత్తు 160 సెంటీమీటర్లు. కాళ్లు నేలకు అందడం లేదు. లోయరింగ్ లింకులు (వెనుక సస్పెన్షన్ లింకు మార్చి బండి ఎత్తు తగ్గించేవి) వేయించుకోవచ్చా?

జవాబు: వేయించుకోవచ్చు, కానీ నా ఓటు మొదట సీటుకే. ముందు భాగంలో, పక్కల ఫోమ్ చెక్కిస్తే అంగుళం దొరుకుతుంది, బండి గుణం మారదు. లింకు మారిస్తే వెనుక భాగమే దిగుతుంది. ముందు ఫోర్కుల వాలు పెరిగి, హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. దాన్ని సరిచేయడానికి ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లోంచి పైకి జరపాలి. జరిపాక స్ప్రింగులు తీసి ముక్కు పూర్తిగా నొక్కి, టైరు మడ్‌గార్డుకు తగలడం లేదని చూసుకోవాలి. వెనుక చక్రం కదలిక తగ్గదు కాబట్టి అక్కడా టైరు తగలవచ్చు. సైడు స్టాండు పొడవైపోయి బండి స్టాండుకు అవతలి వైపు పడబోతుంది, దాన్నీ కోయించాలి. సరైన పద్ధతి షాక్ లోపల, ఫోర్కు లోపల స్పేసర్లు వేసి కదలికనే తగ్గించడం. అది తెలిసినవాళ్ల చేత చేయించుకోండి. అప్పటిదాకా ఆగిన ప్రతిసారీ సీటు మీద ఒక పక్కకు జరిగి ఒక్క కాలే దించండి. రెండు మునివేళ్ల మీద నిలబడటం కన్నా ఒక పాదం పూర్తిగా ఆనడమే నయం.

ప్రశ్న: మట్టిలో టైరు గాలి ఎంత?

జవాబు: ట్యూబు టైర్లయితే 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. రాళ్లుంటే 22, ఇసుకైతే 16 వరకు. అంతకన్నా దిగాలంటే టైరును రిమ్ముకు బిగించి పట్టే రిమ్ లాక్ ఉండాలి, లేకపోతే టైరు జారి ట్యూబు మెడ తెగుతుంది. తారు ఎక్కే ముందు పంపు తీయండి.