మూత విప్పే ముందు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కంప్యూటరు స్పీకర్ల సెట్టు ఆన్ కావడం లేదనీ, సబ్‌వూఫరు పెట్టెను నువ్వే విప్పి చూస్తానంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల మల్టీమీటరు కొనుక్కుందని విని ఎంత పొంగిపోయానో, ఆ పెట్టెలోకి 230 వోల్టులు వస్తాయని తలచుకుని అంత కలవరపడ్డాను.

ముందు ప్లగ్గును వేరే సాకెట్టులో పెట్టి చూడు. వైరు రిమోటు ఉన్న సెట్లలో కొన్నింటికి ఆన్ స్విచ్చి ఆ రిమోటులోనే ఉంటుంది కనుక దాని పిన్ను గట్టిగా కూర్చుందో లేదో చూడు. లైటు వెలిగి, పాట పెట్టకపోయినా గుయ్యిమని మోత వస్తుంటే కరెంటులోని ఒడిదుడుకులను సర్దే పెద్ద ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. మన ఎండలకు అవి త్వరగా పాడవుతాయి, పైభాగం ఉబ్బితే మార్చవలసిందే.

లైటే వెలగకపోతే అందరూ ఫ్యూజు వైపు చూస్తారు. నా భయమంతా అక్కడే. గాంధీ రోడ్డులో నేను పనిచేసిన రిపేరు షాపులో, వినాయక చవితి ముందు ఆంప్లిఫయర్లు కుప్పగా వచ్చిపడే రోజుల్లో, పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు ఉండేవాడు. ఒక సెట్టులో కొత్త ఫ్యూజు వేసిన ప్రతిసారీ పోతుంటే, పందిరివాళ్లు బయట తొందరపెడుతున్నారని, రాగి తీగ పోగు ఒకటి తీసి ఫ్యూజు స్థానంలో చుట్టాడు. తీగ కాలలేదు, కానీ ట్రాన్స్‌ఫార్మరు కాలింది. వార్నిషు మాడిన వాసన వచ్చి మేము ప్లగ్గు లాగేసరికి పెట్టెలోనుంచి పొగ వస్తోంది. అసలు తప్పు బ్రిడ్జిలో, అంటే ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల జతలో, షార్టయిన ఒక చిన్న డయోడుది; దాన్ని మార్చి ఉంటే పోయేదానికి ట్రాన్స్‌ఫార్మరు మొత్తం తిరిగి వైండింగు చేయించవలసి వచ్చింది. వాడు ఏడుస్తుంటే తిట్టబుద్ధి కాలేదు. కాలిన ట్రాన్స్‌ఫార్మరును వాడి చేతే విప్పించి, చుట్లు ఎక్కడ నల్లబడ్డాయో చూపించాను.

అందుకే చెబుతున్నాను తల్లీ, ఫ్యూజు పోతే దాన్ని పోగొట్టినదేదో ముందు వెతుకు. మల్టీమీటరును డయోడు గుర్తు దగ్గర పెట్టి చూస్తే డయోడు ఒకవైపు సుమారు 0.6 వోల్టు చూపాలి, రెండోవైపు ఏమీ చూపకూడదు. రెండువైపులా సున్నాకు దగ్గరగా ఉంటే షార్టయినట్టే. తర్వాత ఆంప్లిఫయరు ఐసీకి, అంటే శబ్దాన్ని పెంచే చిప్పుకు, కరెంటు అందే కాళ్లు షార్టయ్యాయేమో చూడు. కొత్త ఫ్యూజు కొనేటప్పుడు పాతదాని మూత మీది ఆంపియర్ల అంకెనే కాక, టి అనే అక్షరం ఉందో లేదో కూడా చూడు. ఆన్ చేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ కరెంటు లాగుతుంది; దాన్ని ఓర్చుకునే నిదాన ఫ్యూజుకు ఆ గుర్తు ఉంటుంది.

ఫ్యూజు బాగుండి, ట్రాన్స్‌ఫార్మరులో గోడ సాకెట్టు కరెంటు వచ్చే ప్రైమరీ చుట్టు ఓపెన్, అంటే ఎక్కడో తెగింది అని తేలితే, చుట్టు లోపల దాచిన, వేడి మితిమీరితే తెగే థర్మల్ ఫ్యూజు పోయిందేమో చూడాలి. దాన్ని దాటవేసి తీగ కలిపితే పెట్టెకు నిప్పు అంటుకునే ప్రమాదముంది.

పెట్టెలో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు ఉంటే, అది మెయిన్సును, అంటే గోడ సాకెట్టు కరెంటును, 12 వోల్టుల ఏసీకి తగ్గించే రకమైతే, అది డీసీగా మారాక కెపాసిటర్ల మీద 17 వోల్టుల దాకా ఉంటాయి. వాటితో నువ్వు జాగ్రత్తగా పనిచేయగలవు. అక్కడ కూడా ప్లగ్గు నుంచి ప్రైమరీ దాకా ఉన్నది 230 వోల్టులేనని మరచిపోవద్దు. ఆ ఇనుప ట్రాన్స్‌ఫార్మరు బదులు తేలికైన ఎస్‌ఎంపీఎస్ అనే సప్లయి సర్క్యూటు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. అందులో మెయిన్సును నేరుగా డీసీ చేస్తారు కనుక కెపాసిటరు మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. చెప్పులు వేసుకుంటే చాలని మీ నాన్న అన్నాడట, అది ఒట్టి మాట. రెండు చేతులు రెండు తీగలకు తగిలితే కరెంటు గుండె మీదుగానే పోతుంది, చెప్పులు ఏం చేస్తాయి? ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

రిపేరు చేశాక నేరుగా గోడ సాకెట్టుకు ఇవ్వవద్దు. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సీరీసులో, అంటే కరెంటు బల్బు గుండానే సెట్టుకు వెళ్లేలా, పెట్టి ఇస్తే, బల్బు ఒకసారి మెరిసి మందగించినప్పుడు సెట్టు బాగున్నట్టు. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్టు ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. నా దగ్గర ఉన్న బల్బును హోల్డరుతో సహా చెక్కకు బిగించి ఆదివారం చిత్తూరు వస్తున్న మీ అన్నయ్యతో పంపుతున్నాను. అది చేరేదాకా మూత విప్పవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న