స్పెయిన్ దక్షిణ తీరంలోని నెర్హా ఊళ్లో ఒక్క రోజు ఉంటే ఏం చూడాలి?

ముందు గుహలు. 1959లో స్థానిక కుర్రాళ్ల కంటబడ్డ ఈ గుహల్లో 32 మీటర్ల సున్నపురాతి స్తంభం ఉంది. అవి ఊళ్లో లేవు, మారో అనే పల్లె దగ్గర, సుమారు 4 కిలోమీటర్ల దూరం. ప్రవేశానికి సమయం కేటాయిస్తారు కాబట్టి వేసవిలో టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, లేదంటే ఎండలో పడిగాపులే. లోపల మెట్లెక్కువ, జారే హవాయి చెప్పులతో వెళ్లకండి. దారిలో నాలుగంతస్తుల తోరణాల పాత నీటి వంతెన కనిపిస్తుంది, ఆగి చూడండి.

ఎండ తగ్గాక బురియానా బీచ్‌లో ఈత. సాయంత్రం కొండకొమ్ము మీది 'బాల్కన్ దె యూరోపా' అనే సముద్రం చూసే చోటుకు రండి, టికెట్ లేదు. అక్కడి హోటళ్లలో తినేకంటే వెనక సందుల్లోకి నడవడం మేలు.

నెర్హాకు రైలు లేదు. మాలగా నగరం నుంచి బస్సే. తిరుగు బస్సు వేళ దిగగానే చూసుకోండి.