పెరటి మల్బరీ కాయడం లేదని కొట్టేయకండి

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. తెలిసినవాళ్ల తోటలో గింజ పడి మొలిచిన మల్బరీ మొక్కను నాలుగేళ్ల కిందట తెచ్చి పెరట్లో నాటాం. ఇల్లెత్తు పెరిగింది, ఆకుకు కొదవ లేదు. ఏటా పూత వస్తుంది, వారం పది రోజుల్లో రాలిపోతుంది. ఒక్క పండు కూడా చూడలేదు. ఈమధ్య చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి. కొట్టేసి జామ వేద్దామని ఇంట్లో అంటున్నారు. ఆకు మేకలకు వేయవచ్చా? ఆ ఆకుతో టీ తాగితే షుగర్ తగ్గుతుందన్నది నిజమేనా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అది మగ చెట్టు అయ్యుంటుంది. మల్బరీలో ఎక్కువగా మగ పూలు ఒక చెట్టుకు, ఆడ పూలు ఇంకో చెట్టుకు వస్తాయి. గింజతో మొలిచిన మొక్క ఏదవుతుందో పూత వచ్చేదాకా తెలియదు. ఈసారి పూత రాగానే పొద్దున్నే ఒక కొమ్మ కింద నల్ల గుడ్డ పట్టి తట్టండి. లేత పసుపు పొడి రాలితే అవి మగ పూలు. ఆడ పూత పొట్టిగా, పచ్చగా, చిన్న పిందెలాగే ఉంటుంది, దాని మీద తెల్లటి నూగు కనిపిస్తుంది. ఒకే చెట్టులో కొన్ని కొమ్మలకు మగ, కొన్నిటికి ఆడ పూలు రావడం కూడా ఉంది కాబట్టి నాలుగు వైపులా చూడండి. ఆడ పూతే అయి రాలిపోతుంటే మాత్రం నీటి ఎద్దడో, యూరియా ఎక్కువ కావడమో కారణం కావచ్చు.

మగ చెట్టని తేలినా కొట్టేయకండి. దాన్ని మేకల మేతకు ఉంచుకుని, పండ్ల కోసం వేరే మొక్క పెట్టుకోండి. ఆకుకూ పండుకూ ఒకే చెట్టును వాడితే రెండూ సరిగా రావు. మేతకైతే చెట్టును మూడు, నాలుగు అడుగుల ఎత్తుకు కొట్టి, చిగుళ్లు ఎదిగినప్పుడల్లా కోస్తుండాలి. అలా పొట్టిగా కొట్టిన చెట్టు ఏపుగా కొమ్మలు వేస్తుందే గానీ పండ్లు పెద్దగా ఇవ్వదు. పండ్ల చెట్టుకు చివర్లు మాత్రమే కత్తిరించాలి. కిందటేడు పెరిగిన కొమ్మ మీద వచ్చే కొత్త చిగుళ్లకే పండ్లు వస్తాయి.

కొత్త మొక్కను గింజతో పెట్టకండి. బాగా కాసే చెట్టు కొమ్మే తెచ్చుకోండి, తల్లి చెట్టు ఎలా కాస్తే అదీ అలాగే కాస్తుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న, చిటికెన వేలంత లావు కొమ్మను మూడు, నాలుగు కన్నులు ఉండేలా జానెడు ముక్కలు చేయండి. కింది కొసను ఏటవాలుగా కోసి, పైన ఒక కన్ను మాత్రం బయటకు కనిపించేలా నాటాలి. వానలు మొదలయ్యాక జూన్, జులై మంచి అదను. పది రోజుల్లో చిగురు కనిపిస్తే వేరు పట్టేసిందనుకుని చాలామంది పీకి చూస్తారు, లేదా వెంటనే మార్చి నాటేస్తారు. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న సత్తువతో వచ్చింది, వేరు ఇంకా ఉండదు. మూడు, నాలుగు నెలలు కదిలించకండి. తర్వాత గోడకు, బావికి కనీసం పది అడుగుల దూరంలో నాటండి. బట్టలు ఆరేసే తీగ కింద మాత్రం వద్దు, పండు మరక ఓ పట్టాన పోదు.

పట్టు పురుగుల తోటల నుంచి కొమ్మలు తెస్తే పండ్ల మీద ఆశ పెట్టుకోకండి. వి-1, ఎస్-1635 లాంటివి ఆకు కోసం ఎంపిక చేసిన రకాలు. ఎస్-1635 బరంపురం పట్టు పరిశోధన సంస్థ రకం అని వినగానే మీవైపు వాళ్లు గంజాం జిల్లా బరంపురం అనుకుంటారు. అది పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోది. మేత కోసం ఇంకో నాలుగు మొక్కలు వేసుకోవాలనుకుంటే మాత్రం ఈ రకాలు భేషుగ్గా ఉంటాయి. కోరాపుట్‌లో కేంద్ర సిల్క్ బోర్డు వారి ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడగండి.

ఇక చిగుళ్ల ముడత. ఇది పిండినల్లి వల్ల వచ్చే తుక్రా కావచ్చు. ముడత విప్పి చూస్తే తెల్లటి పిండి, గులాబీ రంగు చిన్న పురుగులు, పక్కనే చీమలు కనిపిస్తాయి. ముడుచుకున్న కొసలను కత్తిరించి సబ్బు నీళ్ల బకెట్‌లో ముంచి చంపండి, పెరట్లో పారేయకండి. మిగతా చిగుళ్ల మీద లీటరు నీటికి 5 గ్రాముల బట్టల సబ్బు కలిపి బాగా తడిసేలా కొట్టండి. పక్కన మందార, బెండ ఉంటే వాటినీ చూడండి, పురుగు అక్కడి నుంచే వస్తుంటుంది. జామకూ ఇది పడుతుంది, కాబట్టి చెట్టు మార్చినంత మాత్రాన పీడ పోదు. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు దొరికితే వదలండి. దాని పిల్లపురుగు కూడా తెల్లగా పిండి పూసుకున్నట్టే ఉంటుంది. చకచకా కదులుతూ కనిపిస్తే అది మీ నేస్తం, నలిపేయకండి. అనుమానంగా ఉంటే ఒక చిగురు కవర్లో వేసుకుని గుణుపురంలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి.

మేకలకు ఆకు నిశ్చింతగా వేయవచ్చు. ఎండు పదార్థంలో 15 నుంచి 25 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. వరిగడ్డిలో నాలుగైదు శాతం కూడా ఉండవు. మొదట గుప్పెడుతో అలవాటు చేసి, ఎదిగిన మేకకు రోజుకు కిలో పచ్చి ఆకు దాకా, వేరే మేతతో కలిపి ఇవ్వండి. వానలో తడిసిన ఆకును కాసేపు వాడనిచ్చి వేయండి. మీ ప్రాంతంలో పత్తి ఎక్కువ. పక్క చేలో మందు కొట్టిన రోజుల్లో గాలికి కొట్టుకొచ్చి ఆకు మీద పడుతుంది. అప్పుడు ఆ ఆకు ముట్టనివ్వకండి. చెట్టుకు మీరే పురుగుమందు కొట్టకూడదనడానికీ ఇదే కారణం.

టీ సంగతి. ఆకులో ఉండే డీఎన్‌జే అనే పదార్థం పేగులో పిండి పదార్థం చక్కెరగా మారడాన్ని నెమ్మది చేస్తుంది. షుగర్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు పనిచేసేదీ ఇలాగే. అందుకే మాత్రలు వాడేవారు డాక్టర్‌కు చెప్పకుండా తాగకూడదు, రెండూ కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు. టీ తాగుతున్నాం కదా అని మాత్ర మానేయడం ఇంకా ప్రమాదం.